పేర్లు కనపడతాండాయి కదా వదినా

మా మరిది మదనపల్లెలో టమోటా మండీ నడుపుతాడు. ఆయనకు తెలియని సంగతి లేదు, ఆయన ఫోనుకు రాని ఆఫరు లేదు. మా ఇంట్లో మిక్సీ కొనాలన్నా, మోకాళ్ల నొప్పికి తైలం కొనాలన్నా ముందు ఆయన్ని అడగాలి. అడగకపోతే అలుగుతాడు. అడిగితే ఏమవుతుందో ఇప్పుడు చెప్తాను.

నేను పుంగనూరులో ప్రభుత్వ హైస్కూల్లో తెలుగు టీచర్ని. స్కూలు వార్షికోత్సవానికి ఏటా పిల్లలతో ఒక నాటకం వేయిస్తాను. రాసేది నేనే, నేర్పించేది నేనే, కిరీటాలకు బంగారు కాగితం అంటించేది కూడా నేనే. పుస్తకాల్లో నాటకాలు మా పిల్లల నోటికి సరిపోవు. "తమ ఆజ్ఞ మహారాజా" అనమంటే నవ్వు ఆపుకోలేరు. అందుకని వాళ్లు ఇంట్లో మాట్లాడుకునే మాటల్లోనే రాస్తాను. వాటిలో నాకు బాగా ఇష్టమైంది, ఆకాశానికి బోరు వేయించిన రాజు కథ. రాజ్యంలో ఎక్కడ బోరు వేసినా దుమ్మే వస్తుంది. విసిగిపోయిన రాజు, "కింద లేదంటే పైన ఉండాలి కదప్పా, బండిని తిప్పి నిలబెట్టండి, ఆకాశానికే బోరు వేద్దాం" అంటాడు. ఆ రాజు వేషం పదో తరగతి ఆడపిల్ల వేసింది. ఆ పిల్ల మీసం సవరించుకుంటూ ఆ మాట అన్నప్పుడు, అప్పుల మీద అప్పులు చేసి బోర్లు వేయించిన రైతులు కూడా కుర్చీల్లోంచి జారిపోయేలా నవ్వారు.

ఈ నాటకాలన్నీ నా చిన్న కెమెరాతో తీసి పెట్టుకున్నాను. హాలు వెనక ఒక బెంచీ మీద కెమెరా నిలబెట్టి వదిలేసేదాన్ని. స్టేజీ మొత్తం కనపడేది. గొప్ప పనితనం ఏమీ లేదు, కానీ ఎవరు ఎప్పుడు వచ్చారు, ఎవరు మాట మరిచిపోయి పక్కవాడి కాలు తొక్కారు, అన్నీ అందులో ఉండేవి. అవీ, ఇంటి ఫోటోలూ, పెళ్లిళ్లూ పేరంటాలూ అన్నీ కలిసి నా లాప్‌టాప్ నిండిపోయింది. ఒక ఫైలు తెరవాలంటే కాఫీ పెట్టుకుని వచ్చేంత సేపు పట్టేది.

ఒక ఆదివారం మా మరిది భోజనానికి వచ్చినప్పుడు మా ఆయన నోరు జారారు. "మీ వదిన ఫైళ్లు దాచుకునేదానికి ఏదో డ్రైవ్ కొనాలంటాంది. మదనపల్లెలో మంచి అంగడి యాడుందో చెప్పరా."

మా మరిది ముద్ద ఆపేశాడు. "అంగట్లోనా? ఈ కాలంలో డ్రైవ్ అంగట్లో ఎవురు కొంటారన్నా? వదినా, నువ్వేం కొనొద్దు. నేను తెప్పిస్తా."

"గట్టిది కావాలప్పా. నా నాటకాలన్నీ అందులోనే పెట్టుకోవాల," అన్నాను.

"గట్టిదే. నీ నాటకాలు కాదు, పుంగనూరు ఊరంతా దాంట్లో పట్టేస్తాది."

వారం తిరక్కుండా తెచ్చి ఇచ్చాడు. నల్లగా, నున్నగా, చేతిలో బరువుగా ఉంది. అట్టపెట్టె మీద కంపెనీ పేరు ఇంతకు ముందు ఎప్పుడూ వినలేదు. లోపల ఎన్ని ఫైళ్లు పడతాయో రాసిన అంకె చూస్తే నాకే నమ్మబుద్ధి కాలేదు. మా స్కూల్లో కంప్యూటర్లన్నీ కలిపినా అంత ఉండదు. ధర విని, ఇంత చవగ్గా ఎట్లా ఇస్తారని అడిగాను. "నేరుగా ఫ్యాక్టరీ నుంచి వస్తాది వదినా. మధ్యలో తినేవాళ్లు ఉండరు," అన్నాడు. మధ్యలో తినే వ్యాపారంలోనే ఉన్న మనిషి ఆ మాట అంటే ఇంకేం అడగను?

ఆయనే కూర్చుని ఫైళ్లన్నీ దాంట్లోకి ఎక్కించాడు. నేనూ ఊరికే నమ్మలేదు. పైనున్న ఫోటోలు కొన్ని తెరిచి చూశాను. నా కూతురి అక్షరాభ్యాసం, మా మామగారి షష్టిపూర్తి, అన్నీ చక్కగా తెరుచుకున్నాయి. కిందికి పోతే నాటకాల పేర్లు వరసగా కనపడ్డాయి. అప్పుడు మా మరిది, "ఇంక లాప్‌టాప్‌లో ఇవన్నీ యాల వదినా? తుడిచేసి కొత్తగా విండోస్ ఎక్కిస్తా, గుర్రం మాదిరి పరిగెత్తుతాది," అన్నాడు. సరేనన్నాను. గుర్రం పరిగెత్తింది, అబద్ధం చెప్పకూడదు.

ఆ ఏడాది వార్షికోత్సవం దగ్గర పడుతుండగా మా హెడ్మాస్టరు గారు, పాత నాటకాలు కొన్ని తెర మీద వేసి చూపిద్దామన్నారు. ఎంత సంబరపడ్డానో. ఇంటికి రాగానే డ్రైవ్ తగిలించి రాజు నాటకం మీద నొక్కాను. నల్ల తెర వచ్చింది. ఇంకోటి నొక్కాను. ఈ ఫైలు తెరవడం కుదరదని ఇంగ్లీషులో మర్యాదగా చెప్పింది. ఒక్కొక్కటీ నొక్కుకుంటూ పోయాను. అక్షరాభ్యాసం ఉంది, షష్టిపూర్తి ఉంది. ఆ తర్వాత ఎక్కించిన వాటిలో ఒక్కటీ లేదు. పేర్లు మాత్రం ఉన్నాయి. ఏ నాటకానికి ఆ పేరు, పక్కన తేదీ, ఎంత పెద్ద ఫైలో అంకె. లోపల ఏమీ లేదు.

మా మరిదికి ఫోన్ చేశాను. వెనకాల మండీలో వేలంపాట కేకలు.

"అప్పా, నాటకాలు తెరుచుకోలేదు."

"పేర్లు కనపడతాండాయా?"

"కనపడతాండాయి."

"అయితే ఉన్నట్టే కదా వదినా!"

"పేర్లు ఉంటే ఏం లాభమప్పా? లోపల ఏం లేదు."

"లోపల లేకుండా పేరు యాడి నుంచి వస్తాది? నీ లాప్‌టాప్‌లో ఏదో తక్కువుంటాది. ఒకసారి ఆపి, మళ్లీ వెయ్యి."

ఆపాను, మళ్లీ వేశాను. ఆ రోజు నుంచి ఎన్నిసార్లు ఆపి వేశానో లెక్కలేదు. నాకు కోపం వచ్చింది డ్రైవ్ మీద కాదు. "పేర్లు కనపడతాండాయి కదా" అని నాకే సర్ది చెప్పే ఆ మాట మీద.

చివరికి ఒక శనివారం మదనపల్లెకు పోయి, మండీలోంచి ఆయన్ని లేపుకుని, కంప్యూటర్లు బాగుచేసే అంగడికి తీసుకుపోయాను. అంగడాయన డ్రైవ్ చేతిలో పట్టుకుని అటూ ఇటూ ఊపాడు. లోపల ఏదో కదిలింది. మా మరిది వైపు చూసి, "విప్పేదా అన్నా?" అన్నాడు.

"విప్పితే వారంటీ పోతాదేమో," అన్నాడు మా మరిది.

"విప్పప్పా," అన్నాను నేను.

సన్నని స్క్రూడ్రైవర్ సందులో పెట్టి తిప్పగానే పెంకు రెండు ముక్కలయింది. లోపల చిన్న పచ్చ బిళ్ల. దాని మీద ఫోన్లలో వేసుకునే మెమరీ కార్డు ఒకటి, వేలి గోరంత. బరువు కోసం ఇనుప ముక్క ఒకటి గమ్ముతో అంటించి ఉంది. అంతే. నా నాటకాలు, పెళ్లిళ్లు, పిల్లల కేకలు అన్నీ ఆ గోరంత దానిలో పట్టాలంటే ఎట్లా పడతాయి? నిండిన తర్వాత వచ్చినవన్నీ పేరు రాసుకుని పారబోసింది.

మా మరిది ఆ ఇనుప ముక్కను గోటితో గీకి చూశాడు. "ఇది వేడి తగ్గడానికి పెడతారేమో వదినా," అన్నాడు.

నేను పెంకు ముక్కలు ఏరి సంచిలో వేసుకున్నాను. ఏమన్నా అంటే మండీ దాకా వినపడేది.

లాప్‌టాప్‌లో తుడిచేసినవి మళ్లీ వస్తాయేమోనని అది కూడా అక్కడ ఇచ్చి చూశాం. కొత్త విండోస్ ఎక్కించిన తర్వాత నెలల తరబడి వాడేశాను కదా. వచ్చినవి సగం ఫోటోలు, పైన మొహం ఉంటే కింద బూడిద రంగు. వీడియో ఒక్కటీ రాలేదు. మెమరీ కార్డులైనా దాచుకున్నానా అంటే, కెమెరాలో ఉన్న ఒకే కార్డును ఏటా తుడిచి వాడుకునేదాన్ని.

ఇంటికొచ్చి పడుకుంటే నిద్ర పట్టలేదని రాయను. బాగా పట్టింది. లేచాక తట్టింది. ఆ నాటకాలు తీసింది నేనొక్కదాన్నే కాదు కదా. ముందు వరసలో తల్లులు, తండ్రులు, మేనమామలు అందరూ చేతులెత్తి ఫోన్లు పట్టుకునేవాళ్లు. వాళ్ల తలలు నా కెమెరాకు అడ్డం వస్తున్నాయని ఎన్నిసార్లు కసురుకున్నానో! ఇప్పుడు ఆ ఫోన్లే దిక్కయ్యాయి.

పాత విద్యార్థుల గుంపు ఒకటి ఫోన్లో ఉంది. అందులో పెట్టాను: "ఆకాశానికి బోరు నాటకం వీడియో ఎవరి దగ్గరైనా ఉంటే పంపండి." జవాబుగా చేతులు జోడించిన బొమ్మలు వచ్చాయి. గులాబీ పువ్వులు వచ్చాయి. "మీరు మా దేవత మేడం" అని వచ్చింది. ఒకడు తన పెళ్లి పత్రిక పెట్టాడు. వీడియో రాలేదు. మళ్లీ పెట్టాను. ఈసారి ఎవరో వాళ్ల పశువుల కొట్టంలో పుట్టిన దూడ వీడియో పెట్టారు. దూడ బాగుంది. దూడను ఏం చేసుకోను?

ఇట్లా కాదని ఒక్కొక్కరికీ ఫోన్ చేయడం మొదలుపెట్టాను. అప్పుడు ఒకటీ ఒకటీ రావడం మొదలైంది. అవి చూసి తల పట్టుకున్నాను. ఏ తల్లి అయినా తన బిడ్డను మాత్రమే తీసింది! బోరు బండి డ్రైవరు వేషం వేసిన పిల్లవాడి తండ్రి పంపిన దాంట్లో, రాజు మాట్లాడుతున్నంత సేపూ ఆ పిల్లవాడు ముక్కు గీరుకోవడమే కనపడుతుంది. రాజు చెయ్యి ఒక్కసారి పక్కనుంచి వచ్చి పోతుంది. రాణి వేసిన పిల్ల తల్లి, కూతురు మాట అయిపోగానే రికార్డింగ్ ఆపేసింది. తర్వాత కథ ఏమైతే తనకేం?

మంత్రి వేసిన వాడిది సదుం పక్కన పల్లె. వాడిప్పుడు టెంపో తోలుతాడు. "మా అమ్మ తీసింది మేడం, అమ్మనే అడగండి," అన్నాడు. మా ఆయనకు అటువైపు తోట ఉంది కాబట్టి ఆయన బండి మీద పోయాను. వాళ్లమ్మ నన్ను చూసి మంచం వాల్చి, మజ్జిగ ఇచ్చింది.

"ఆ ఫోను పగిలిపోయింది టీచరమ్మా. కార్డు మాత్రం ఉండాది," అంది.

"యాడుంది?"

గూట్లోంచి ఒక చిన్న స్పీకరు పెట్టె తెచ్చింది. పొద్దున్నే దేవుడి పాటలు వినేది దాంట్లోనే. ఫోన్లో కార్డు తీసి దాంట్లో వేసి, కొడుకు పాటలు ఎక్కించి ఇచ్చాడట. నాటకం కూడా అదే కార్డులో ఉంది. పెట్టెకు బొమ్మలు చూపించడం రాదు కాబట్టి దాన్ని దాటేసి పాటలు పాడుతూ ఉంది, ఇన్నేళ్లుగా.

"ఈ కార్డు ఒకసారి ఇస్తావామ్మా? లాప్‌టాప్‌లో వేసుకుని ఇచ్చేస్తా."

"పాటలు పోతాయేమో?"

"పోవమ్మా."

"మా వాడు కూడా అట్లనే అన్నాడు. పోయినసారి సగం పాటలు పోయినాయి."

ఆమెను తప్పు పట్టలేను. నన్ను నమ్మమని చెప్పే మొహం నాకు ఎక్కడుంది? లాప్‌టాప్ సంచిలోనే ఉంది కాబట్టి ఆ మంచం మీదే పెట్టి, ఆమె చూస్తుండగానే ఎక్కించుకుని, కార్డు మళ్లీ పెట్టెలో వేశాను. ఆమె ఒక పాట పెట్టి, అది మొత్తం విని, తర్వాత ఇంకో పాట పెట్టి, అప్పుడు నన్ను పోనిచ్చింది. ఆ వీడియోలో మంత్రి మొదటి నుంచి చివరి దాకా ఉన్నాడు. మిగతా వాళ్లు గొంతులే.

ఇంక రాజు మిగిలింది. రాజు వేసిన పిల్ల ఇప్పుడు కుప్పంలో ఒక ల్యాబులో రక్త పరీక్షలు చేస్తుంది. తల్లీ కూతురూ అక్కడే ఇల్లు తీసుకుని ఉంటున్నారు. ఫోన్లో పంపమంటే, "నాకు పంపేదానికి కాలేదు మేడం, పెద్ద ఫైలంట, పోతాండ్లేదు. రండి మేడం, మా ఇల్లు చూసినట్టు కూడా ఉంటాది," అంది. పలమనేరులో బస్సు మారి, వి.కోట మీదుగా కుప్పం చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది.

వాళ్లమ్మ దగ్గర పాత ఫోను అట్లాగే ఉంది, ఛార్జరుతో సహా, గుడ్డలో చుట్టి. దాంట్లో వీడియో తెరిస్తే రాజు నిలువెత్తున కనపడ్డాడు. మీసం, కిరీటం, నేను అంటించిన బంగారు కాగితం ఒక పక్క ఊడి వేలాడుతూ. "బండిని తిప్పి నిలబెట్టండి" అన్నప్పుడు జనం నవ్వు ఫోను పగిలేంత వినపడింది. ఆ నవ్వు విని నాకూ నవ్వొచ్చింది. కానీ వీడియో అక్కడికి కాసేపటికే ఆగిపోయింది.

"మిగతాది ఏదమ్మా?" అన్నాను.

"మీసం ఊడిపోయింది టీచరమ్మా," అంది వాళ్లమ్మ. "అందరూ నవ్వుతాంటే సూడలేక ఆపేసినాను."

ఎవరి దగ్గరా చివరి రంగం లేదు. డ్రైవరు తండ్రి ముందే ఆపేశాడు, రాణి తల్లి ముందే ఆపేసింది. మంత్రి తల్లిది చివరి దాకా ఉన్నా, అందులో రాజు గొంతు చప్పట్లలో మునిగిపోయింది. చివరి రంగమే నాకు ప్రాణం. ఆకాశంలోంచి రాజు బుగ్గ మీద ఒక చుక్క పడుతుంది. ఎక్కడి నుంచి పడిందా అని అందరూ పైకి చూస్తే, బోరు బండి ఎక్కి కూర్చున్న డ్రైవరు చెమట అది. రాజు దాన్ని చేత్తో తుడిచి చూసుకుని ఒక మాట అంటాడు.

ఆ పిల్ల ల్యాబు కోటు తీసి కుర్చీకి తగిలించింది. "నాకు గుర్తుండాది మేడం. చెప్పేదా?" అంది.

వాళ్లమ్మ వద్దంటున్నా వినకుండా గది మధ్యలో నిలబడింది. నేను ఫోన్ పట్టుకున్నాను. ఆ పిల్ల మీసం లేని చోట చెయ్యి పెట్టి సవరించుకుని, అరచెయ్యి చూసుకుంటూ, "నీళ్లు పడినాయి కదప్పా! నేను చెప్పలే? పైన ఉండాయని నేను చెప్పలే?" అంది. అదే గొంతు, ఇంకొంచెం లావుగా. తర్వాత రాజు గొంతు వదిలేసి, "ఆ డ్రైవరు గాడు నిజంగానే చెమట కారుస్తాండె మేడం, లైట్ల వేడికి," అని నవ్వింది. ఆ మాట కూడా రికార్డయింది. పాత ఫోనులోది లాప్‌టాప్‌లోకి ఎక్కించుకున్నాను, ఇదీ దాంతో పాటే పెట్టుకున్నాను. తీసేయలేదు.

తిరిగొచ్చాక మదనపల్లెకు ఒక్కదాన్నే పోయాను. మా మరిదికి చెప్పలేదు. అక్కడి బెంగళూరు బస్టాండు రోడ్డులో ఒక కంప్యూటర్ల అంగట్లో సాయిబు ఒకాయన కూర్చుని ఉన్నాడు.

"గట్టి డ్రైవ్ ఏది?" అన్నాను.

"అన్నీ గట్టివే మేడం."

"చెడిపోనిది?"

"చెడిపోనిది ఉండదు మేడం. వారంటీ ఉంటది."

"చెడిపోతే వారంటీలో నా నాటకాలు ఇస్తారా?"

ఆయన నన్ను పైనుంచి కిందికి చూశాడు. "కొత్త డ్రైవ్ ఇస్తారు."

"ఖాళీదా?"

"ఖాళీదే కదా మేడం ఇస్తారు."

లోపల చక్రం తిరిగే రకం ఉంది, చిప్పు రకం ఉంది. చక్రం రకం చవక, కింద పడితే పోతుంది. చిప్పు రకం పడినా పోదు, కానీ కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి బీరువాలో పెడితే మరిచిపోతుందట. ఏది మంచిదని అడిగితే చక్రం అన్నాడు. ఎందుకని అడిగితే చిప్పు అన్నాడు. ఇంక విసుగొచ్చి, నాకు పేరు తెలిసిన రెండు కంపెనీలవి, ఒకటి ఆ రకం, ఒకటి ఈ రకం తీయమన్నాను. సీలు నా ఎదురుగా విప్పమన్నాను. బిల్లు మీద నంబరు రాయమన్నాను. సంచిలోంచి లాప్‌టాప్ తీసి, ఇక్కడే నిండా ఎక్కించి చూస్తానన్నాను.

"నిండా అంటే రేపటికి అవుతుంది మేడం. నేను అంగడి మూయాల."

"అయితే ఇంట్లో నింపి చూస్తా. నిండకపోతే తెచ్చి ఇస్తా. తీసుకుంటావా?"

"తీసుకుంటా, తీసుకుంటా," అన్నాడు, నేను వెళ్తే చాలునన్నట్టు.

అదే మాట బిల్లు వెనక రాయించుకున్నాను.

ఇంట్లో ఒక్కో డ్రైవ్‌లో ఒకే ఫైలును మళ్లీ మళ్లీ ఎక్కించి, ఇంక పట్టదని చెప్పేదాకా నింపాను. చివర ఎక్కించినది తెరిచి చూశాను. తెరుచుకుంది. అన్నీ తుడిచి అప్పుడు నాటకం ముక్కలు పెట్టాను, ప్రతి ముక్కా తెరిచి, మొదలు, మధ్య, చివర చూసి. ఒకటి మా బీరువాలో ఉంది. రెండోది కుప్పంలో ఆ పిల్లకు ఇచ్చి, నెలకోసారి తగిలించి చూడమన్నాను. పేర్లు చూడటం కాదు, తెరిచి చూడమని మరీ మరీ చెప్పాను.

మా ఆయన తోట నుంచి వచ్చి, చెప్పులు విప్పుతూ తెర వైపు చూశారు. రాజు మాట్లాడుతున్నాడు.

"ఏమ్మే, ఇంకెవురో మాట్లాడతాండారు, మనిషి యాడ?"

"అది మంత్రి. వాళ్లమ్మ కార్డులో ఉండాడు. ఉండు, పక్కన తెరుస్తా."

రెండు వీడియోలూ పక్కపక్కన పెట్టి ఒకేసారి నొక్కాను. మంత్రి ముందే జవాబు చెప్పేశాడు, రాజు తర్వాత ప్రశ్న అడిగాడు. ఆపి, మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి రాజు మాటలో మంత్రి దూరాడు. మా ఆయన కాళ్లు కడుక్కోవడం మానేసి, కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ఇంకొంచెం ఆగి నొక్కు," అన్నారు.